ముసుగు రాణి లీరా

గ్రీసులోని వోలోస్ రేవు పక్కన తమ్ముడి వంటింట్లో కూర్చుని, అమ్మ తనకిచ్చిన ఇంగ్లండు బంగారు నాణెం, లీరా, ఉన్న చిన్న మూటను ఆమె విప్పింది. పదేళ్లుగా దాన్ని దాచింది తమ్ముడే.

“ఇది అమ్మ లీరా కాదురా.”

“అదేంటక్కా! వెనకాల గుర్రమెక్కి రెక్కల పామును చంపుతున్న సెయింట్ జార్జ్ లేడూ?”

“ఆయన అన్ని లీరాల మీదా ఉంటాడు. ముందువైపు చూడు, గడ్డం రాజు. అమ్మదాని మీద ముసుగేసుకున్న ముసలి రాణి ఉండేది. చిన్నప్పుడు మన నానమ్మే అనుకునేదాన్ని.”

“తూకం ఒకటే, బంగారం ఒకటే కదా.”

“యుద్ధమప్పుడు జర్మన్లు ఊళ్లో ఉన్న చలికాలం అడవి ఆకులు ఉడకబెట్టుకు తిన్నాం. అప్పుడు కూడా అమ్మ దాన్ని లంగా అంచులోంచి తియ్యలేదు. ఏదీ అది?”

అతను కాఫీ పొంగుతోందన్నట్టు పొయ్యి వైపు తిరిగాడు.

“నీ మేనకోడలి మెళ్లో ఉంది. పెళ్లివారికి పాత నాణేల పిచ్చి. రాణి బొమ్మదే కావాలన్నారు.”

“అయితే ఎవాంథియా నిశ్చితార్థం అయిపోయిందా? వాయిదా పడిందని కబురు పెట్టావే!”

“నువ్వొస్తే గుర్తుపడతావని భయమేసిందక్కా.”

ఆమె చేతిలోని నాణేన్ని బల్ల మీద పెట్టింది.

“అడిగుంటే నా చేత్తో నేనే దాని మెళ్లో వేసేదాన్ని కదరా.”

గడ్డం రాజును బల్ల మీదే వదిలేసి, ఆమె కోటు తొడుక్కుంది.