మంచం ఎక్కడ వేస్తావని అడిగిన మనిషి

అమ్మల్లారా, అయ్యల్లారా. ఈ హాల్లో ఉన్న సగం మంది ఇళ్ళ కాగితాలు ఆయన చేత్తో రాసినవే. ఆ చెయ్యి మంగళవారం ఆగిపోయింది. మన దస్తావేజుల పెద్దాయన లేడు.

నన్ను మాట్లాడమని ఎవరూ పిలవలేదు. నేనే అడిగి నిలబడ్డాను. తాపీమేస్త్రీని. అక్షరాలు అంతంతమాత్రం. కానీ నేనుండేది కాక మూడిళ్ళు నా చేత్తో లేపి అద్దెకిచ్చాను, వాటిలో వంకర గోడ ఒక్కటి చూపించండి చూద్దాం. నాలుగోది కొన్నాను. ఆ నాలుగోదాని గురించే చెప్పాలి.

ఆయన పద్ధతి మీకు తెలుసు. రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల కింద ఒక బల్ల. మనం ఉండటానికి ఇల్లు కొంటే పన్ను ఒక రకం. అద్దెకిచ్చుకోవడానికి ఇంకోటి కొంటే దాని మీద అదనపు పన్ను. అందుకని ప్రతివాడూ ఉండటానికే అంటాడు. మిగతా రాతగాళ్ళు తలాడించి రాసేస్తారు. మరి ఈయన? కలం మూసేవాడు. చెప్పులేసుకుని ఆ ఇంటికి నడిచేవాడు. గదులన్నీ తిరిగి ఒక్క మాట అడిగేవాడు. "మంచం ఎక్కడ వేస్తావు?" అంతే. నిజంగా ఉండబోయేవాడికి ఆ జవాబు నాలుక మీదే ఉంటుంది.

బట్టల కొట్టాయన ఒకడు ఇల్లంతా తిరిగి తిరిగి, చివరికి వంటింట్లో వేస్తానన్నాడు. "పొయ్యి తలగడ కింద పెట్టుకుంటావా నాయనా" అని, ఈయన అద్దెకు అనే రాసేశాడు. ఆ కొట్టాయన నెల్లాళ్ళు తిట్టాడు. కూతురికి ఇల్లు కొన్నప్పుడు మళ్ళీ ఎవరి దగ్గరికి వచ్చాడు? ఈయన దగ్గరికే. ఈయన రాస్తే ఇంకెవడూ వేలెత్తి చూపడని.

నేను ముందే సిద్ధపడి వెళ్ళాను. ముందురోజే ఆ ఇంటికి పోయి టేపుతో కొలిచాను. ఆయన అడగ్గానే చెప్పాను, వెనక గదిలో, కిటికీ పక్కన, ఆరడుగుల మంచం, తలుపు తెరిస్తే తగలదని. ఆయన నా మొహం చూశాడు. ఉండటానికే అని రాశాడు.

నెల తిరక్కుండా ఆ ఇల్లు అద్దెకిచ్చాను.

తనిఖీవాళ్ళు వచ్చారు. నాకు చదువు రాదు, ఆయనేం రాశాడో నాకేం తెలుసు అన్నాను. వినండి. ఉండటానికే అన్న ఆ ముక్క నేను వేలు పెట్టి కూడబలుక్కుని చదివాకే సంతకం చేశాను. ఆయన్ని అడిగితే ఏమన్నాడు? "ఇల్లు చూసింది నేను. తప్పు నా చూపుది." నా పేరు ఎత్తలేదు. లైసెన్సు తీసేశారు. ముప్పై ఏళ్ళ బల్ల.

తర్వాత ఒకనాడు సందులో ఎదురుపడ్డాడు. తప్పుకుందామంటే దారి లేదు. ఆయనే ఆగి అడిగాడు. "మేస్త్రీ, ఆ వెనక గదిలో ఉంటున్నవాళ్ళకి గాలి బాగా తగులుతోందా?" వెటకారం కాదు. వెటకారమైతే నేను బతికిపోయేవాణ్ణి.

ఆ గదిలో ఇప్పుడు అద్దెకున్నావిడ కుట్టుమిషను పెట్టుకుంది. అద్దె కోసం వెళ్ళి నిలబడతాను. మిషను చప్పుడు ఆగినప్పుడల్లా కిటికీ దగ్గర ఆయన అడుగుతాడు, మంచం ఎక్కడ వేశావని. ఎవరి గడప దాటినా నా కళ్ళు ముందు మంచం కోసం వెతుకుతాయి. సొంత ఇంట్లో పడుకున్నా పరాయి చోట పడుకున్నట్టే ఉంది.

ముందు వరసలో ఆయన కూతురుంది. తండ్రి పక్కన కూర్చుని రాత నేర్చుకుంది. ఆ బల్ల కోసం రెండుసార్లు దరఖాస్తు పెడితే, అబద్ధం రాసినవాడి కూతురివని తిప్పి పంపారు. అమ్మా, మీ నాన్న అబద్ధం రాయలేదు. అబద్ధం చెప్పింది నేను. రేపు ఆఫీసు తెరవగానే ఇదే మాట రాయించి సంతకం పెడతాను. పన్ను కడతాను, జరిమానా కడతాను, ఇల్లు పోతే పోనీ.

ఆయన బతికుండగా ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అడగండి. ఇంతమందిలో ఇప్పుడెందుకు చెప్పానంటే, నా మీద నాకు నమ్మకం లేక. రేపు పొద్దున నా నోరు పడిపోతే, మీరైనా వెళ్ళి చెప్పండి.

ఇక లేవండి. అందరం నోరు మూసుకుని నిలబడదాం. నేను నాలుగేళ్ళు మూసుకున్నాను, నాకిది కొత్త కాదు. ఎంతసేపని ఎవరూ గడియారం చూడొద్దు. ఆ అమ్మాయి కూర్చోమన్నప్పుడు కూర్చుందాం.