గుండీల్లేని చొక్కా

వరద నీళ్ళు బజారువీధిలోకి వచ్చి కుట్టుమిషన్ల తొక్కుడుచెక్కల దాకా నిలిచిపోయాయే, ఆ మరుసటి ఏడాది జరిగింది ఇది. దర్జీ తన బావమరిదిని చూడ్డానికి చెప్పాపెట్టకుండా వికలాంగుల హోమ్‌కి వెళ్ళాడు. బావమరిది ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడు. ఇప్పుడతని వేళ్ళు వంగవు. అలాంటివాళ్ళే ఉంటారక్కడ.

“ఇవాళ బుధవారం కదా బావా?”

“నాకు వారాలు తెలుసు.”

“కాదూ, నువ్వు ఆదివారం కదా వచ్చేది. చెప్పకుండా ఇలా...”

“చెప్పి వస్తే ఏం దాచేవాడివి?”

“దాచడానికి నా దగ్గరేముంది? కూచో. మంచినీళ్ళు తాగు.”

“నాకేం వద్దు. ఒంటిమీద ఆ దుప్పటి తియ్యి.”

“చలిగా ఉంది బావా.”

“నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది.”

“అందుకే చలి.”

“తీస్తావా, నన్ను తియ్యమంటావా?”

“మెల్లిగా, మెల్లిగా. నాకు చేతులు రావు గానీ మెడ ఉంది కదా, దాన్నైనా ఉండనీ.”

“ఏంట్రా ఇది?”

“చొక్కా.”

“చొక్కా అని నాకు తెలీదా? ఇన్నేళ్ళూ నేను కుట్టింది గోనెసంచులా? ఎవరిదని అడుగుతున్నా.”

“నాదే.”

“ఎవడు కుట్టాడని!”

“చూసి చెప్పలేవా?”

“మా తమ్ముడు.”

“చూశావా, తెలిసే అడుగుతావు.”

“గుండీలేవి?”

“లేవు. లోపల పట్టీ ఉంది, అంటుకునేది. మోచేత్తో నొక్కితే అతుక్కుంటుంది, పళ్ళతో లాగితే చర్రుమని ఊడొస్తుంది. ఇదిగో చూడు...”

“చాల్లే. బట్ట చింపుతున్నట్టుంది, వినలేను. ఎప్పట్నించి?”

“ఏది?”

“ఇదే. నువ్వూ వాడూ.”

“నువ్వూ వాడూ ఏంటి బావా, వినేవాళ్ళు ఏమనుకుంటారు?”

“ఎప్పట్నించి అని.”

“ఎండాకాలం నించి. మంగళవారాలు వస్తాడు.”

“అదీ సంగతి! నిన్న కొట్టు మూసి సంచి పట్టుకు పోతుంటే ఎక్కడికబ్బా అనుకున్నా. సాయంత్రం ఈల వేసుకుంటూ వచ్చాడు. ఈల! పైకి చూస్తూ!”

“నువ్వు రోడ్డవతలి కొట్టు వైపు చూడవు కదా?”

“చూడను. కనిపిస్తుంది.”

“ఓహో.”

“ఓహో ఏంట్రా? వరద తగ్గాక వాడు మిషన్ తీసుకుని వేరు పోయినప్పుడు నువ్వేమన్నావు నాతో? ‘నేను నీ వైపు బావా’ అన్నావా లేదా?”

“అన్నాను. ఇప్పటికీ నీ వైపే.”

“చొక్కా మాత్రం అటు పోయింది.”

“బావా, చొక్కాకి వైపులేంటి?”

“ఎన్ని కుట్టాడు?”

“నాకా, అందరికీనా?”

“అందరికీనా!”

“మరి? పక్క గది పెద్దాయనకి పంట్లాం కుట్టాడు. ఆయన పొద్దస్తమానం చక్రాల కుర్చీలోనే కదా. వెనక నడుం దగ్గర ఎత్తు పెంచి, ముందు తగ్గించాడు. ఇప్పుడు ముందుకి వంగినా వీపు బయటపడదు. వంటగదిలో ఆ పిల్ల ఉందే, ఒక్క చెయ్యే ఉంది, ఆ పిల్లకి పక్కన తెరుచుకునే గౌను కుట్టాడు.”

“ఇవన్నీ వాడికెవడు చెప్పాడు?”

“ఎవడూ చెప్పలేదు. మంచం మంచం దగ్గరికీ వెళ్ళి అడిగాడు, మీకెక్కడ ఇబ్బందిగా ఉంటుందీ అని.”

“నాతో ఎవరూ అనలేదే! ఈ హోమ్ నడిపే మేడమ్ ఒక్కమాట, ఒక్కటంటే ఒక్కమాట నాతో అని ఉంటే...”

“అంది బావా. సాయం చెయ్యాలంటే చాలా దారులున్నాయి, కుర్చీలు బాగుచెయ్యొచ్చు, పని నేర్పొచ్చు, పని ఇప్పించొచ్చు, ఏం చేసినా ముందు వాళ్ళనడగండి అని హాల్లో అందరి ముందూ చెప్పింది. నువ్వక్కడే ఉన్నావు.”

“నేను వినలేదే!”

“నా గుండీలు పెడుతున్నావు.”

“ఊఁ... ఇటు తిరుగు. మెడ చూడనీ. ఒరే! ఈ మెడపట్టీ నాది!”

“ఊఁ.”

“ఈ కత్తిరింపు నాదిరా! మా నాన్న నాకొక్కడికే చూపించాడు. వాడికెలా వచ్చింది?”

“నువ్వు నాకు కుట్టిన చొక్కా బల్లమీద పరిచి, దానిమీద గుడ్డ పెట్టి కోశాడు. అయినా రెండుసార్లు చెడగొట్టాడు. ‘అన్నయ్య చెయ్యి నాకు రాదు’ అన్నాడు.”

“దొంగ వెధవ... అలా అన్నాడా?”

“అన్నాడు.”

“ఏ మాటైతే అన్నాడో అదే మాటా?”

“అదే మాట.”

“రాదు. వాడికెప్పుడూ రాలేదు. కుట్టు మాత్రం... సరే, వదిలెయ్.”

“కుట్టు బాగుందా?”

“బాగుందని నేనన్నానా? అది కాదు, నువ్వు చెప్పు. నన్నెందుకు అడగలేదు? నోరు తెరిచి పట్టీ పెట్టు బావా అంటే నేను పెట్టనా?”

“అడిగాను.”

“ఎప్పుడు?”

“పోయిన చలికాలం. నువ్వు నవ్వేశావు. గుండీలు పెట్టడానికి నేనుండగా నీకెందుకురా పట్టీ అన్నావు.”

“అన్నాననుకో. ఉన్నానుగా మరి!”

“ఆదివారం ఉన్నావు బావా.”

“సోమవారం ఎవరు పెట్టేవారు?”

“ఆయమ్మ. ఆవిడ ఒక్కతే, మేం గదుల నిండా ఉన్నాం. నా వంతు వచ్చేదాకా రొమ్ము బార్లా తెరుచుకుని కూచునేవాణ్ణి. ఎవరైనా వస్తే గోడవైపు తిరిగేవాణ్ణి.”

“నాకు చెప్పలేదేం?”

“చెబితే కొట్టు మూసుకుని రోజూ వచ్చేస్తావు. నిన్ను నేనెరగనా?”

“ఆగాగు. అయితే ఆదివారం నేనొచ్చేసరికి నేను కుట్టిన చొక్కాతో, గుండీలు పెట్టుకోకుండా కూచునుంటావే. ఎండాకాలం నించీ అంతే కదా! అదంతా నాటకమా?”

“నాటకమే.”

“వాడి చొక్కా తీసేసి, నాది తొడుక్కుని...”

“ఆయమ్మ తొడుగుతుంది. గుండీలు పెట్టబోతుంది. వద్దమ్మా, మా బావ వస్తాడు, ఉండనీ అంటాను.”

“ఎందుకురా? నన్ను వెర్రివాణ్ణి చెయ్యడానికా?”

“అక్క పోయింది. ఆదివారం కొట్టుండదు. ఈ గుండీలు కూడా లేకపోతే ఆ పూట నువ్వెక్కడికి పోతావు బావా?”

మర్నాడు పొద్దున దర్జీ తన కొట్టు తలుపు తియ్యకుండానే రోడ్డు దాటాడు.

“అన్నయ్యా! నువ్వా? రా, రా, ఇలా కూచో...”

“కూచోడానికి రాలేదు. ఆ అంటుకునే పట్టీ కొయ్యి. ఒక చొక్కాకి సరిపడా.”

“ఎవరి చొక్కాకి?”

“నీకెందుకు? కొయ్యి.”

“కోస్తున్నా. ఏడు ముక్కలు పడతాయి.”

“ఆరు చాలు.”

“చాలవన్నయ్యా. ఇన్ని కుట్టాను కదా, ఏడు...”

“నాకు నేర్పకు. మెడ దగ్గరిది వద్దు. అక్కడ గుండీ కుడతాను.”

“మెడ గుండీ ఆయన పెట్టుకోలేడు కదా?”

“తెలుసు. అది ఆదివారం నేను పెడతా.”