నీ చేత్తో తుడువు, బావా

అదిగో, మళ్ళీ నా మీదే అరుస్తున్నావు! లైను నేనాపలేదు బావా. కింద వెల్డింగ్ రోబో పక్కనున్న సెన్సర్‌కి మసి పట్టింది. తుడిస్తే నడుస్తుంది, అంతే.

ఓనర్లు చూస్తున్నారా? చూడనీ. ఈ కంట్రోల్ రూమ్ అద్దంలోంచి నాకూ కనిపిస్తున్నారు. తెల్ల హెల్మెట్లు పెట్టుకుని కొత్త అల్లుళ్ళలా నిలబడ్డారు పాపం.

ఎవర్నైనా పంపమంటావా? ఎవర్ని పంపను? పోయినసారి నీ సొంత తమ్ముణ్ణే పంపావుగా. చిన్నబావ రోబో చుట్టూ ఉన్న ఇనుప జాలీ గేటు తీశాడు, లోపల చెయ్యి పెట్టాడు. రోబో గిర్రున తిరిగింది. కుడిచేతి వేళ్ళు, బావా!

"వాడి అజాగ్రత్తే" అన్నావు ఓనర్లతో. ఆ మాటనడానికి నోరెలా వచ్చింది నీకు?

ఈ ప్రోగ్రాం రాసింది నేను. అన్ని యంత్రాల మీదా కాపలా కాస్తూ, అవసరమైనప్పుడు "వద్దు" అనడమే దాని పని. గేటు తెరిచి ఉంటే రోబో కదలొద్దు. ఆ ఒక్క "వద్దు" నీకు అడ్డమొచ్చింది! గేటు తీసినప్పుడల్లా లైను ఆగుతోంది, ఉత్పత్తి పడిపోతోంది అని నీ మేనేజర్ పాస్‌వర్డ్ కొట్టి తీసేశావు. తమ్ముడికో మాట చెప్పావా? ఊహూఁ.

ఏంటీ, నినాదాలు మానాలా? మానను. లాభాలు మీకు, గాయాలు మాకు! మా అక్క కూడా నా మాటలకి నవ్వేది. నిన్న మాత్రం నవ్వలేదు. వేళ్ళు లేని మరిదికి చొక్కా గుండీలు పెడుతోంది.

లే బావా. ఈసారి నువ్వే వెళ్ళు. గేటు తియ్యి, చెయ్యి పెట్టు, తుడువు.

తెర మీద ఆకుపచ్చ దీపం ఉందంటావా? ఆ రోజూ ఆకుపచ్చే వెలిగింది. ఆ ప్రోగ్రాం కళ్ళు కూడా నువ్వే కప్పావుగా!

అదేంటి, ఏసీ గదిలో ఆ చెమటలు? ఓహో... నేను ఆ "వద్దు" తిరిగి పెట్టానా లేదా అనా?

పెట్టాను. పొద్దున రాగానే పెట్టాను. నీ మీదకి రోబోని వదిలేంత రాక్షసిని కాదు. ఆ ముక్క ముందే చెప్పొచ్చు. చెప్పలేదు. నీ మొహం ఇలా పాలిపోతుంటే చూడాలని ఇంతసేపూ ఉగ్గబట్టుకున్నాను. చూశాను. కడుపు నిండింది.

నమ్మబుద్ధి కావట్లేదా? ఏం చేస్తాం మరి! గుడ్డ ఆ బల్ల మీదుంది, తీసుకెళ్ళు.