సీరియల్లో తలుపు

డుంబ్రిగుడ కొండ మీద మంచు ఇంకా విడలేదు. కాఫీ మొక్కల మధ్య వదినా ఆడబిడ్డా పళ్లు కోస్తున్నారు. మంచులో వాళ్ల చేతులు మాత్రమే కదులుతున్నట్టున్నాయి.

"వదినా, పచ్చికాయలు కూడా కోసేత్తన్నావు. ఎర్రటి పళ్లే కొయ్యాల."

"నిన్న సీరియల్లో సూసినోడే కళ్లల్లో తిరుగుతన్నాడే పిల్లా. పోలీసులకి దొరక్కుండా ఇలాటి మంచులోనే కలిసిపోయాడు."

"ఇద్దర్ని సంపినోడు ఆడు!"

"కూతురి వైద్యం కోసం సంపాడు. ఆడి బాధంతా ముందే సూపించారు కదా."

"మా అన్న గంజాయి మూట మోసిందీ నీ కూతురి వైద్యానికే. జైలుకెళ్లి ఒక్కపాలైనా సూసొచ్చావా?"

వదిన కొమ్మ వంచి మరో గుప్పెడు పళ్లు బుట్టలో వేసింది.

"పోలీసులు తరిమితే అన్న ఇంటికే పరిగెత్తుకొచ్చాడంట. ఆ సాయంత్రం నువ్వు ఇంట్లో లేవా వదినా?"

"ఉన్నాను. సీరియల్ సూత్తన్నాను. అందులో ఆడు ఓ ముసలమ్మ తలుపు కొడతన్నాడు. 'తియ్యమ్మా, బేగి తియ్యి, పట్టుకుపోతారు' అని నేను ఏడుత్తన్నాను."

"మరి అన్న మన తలుపు కొట్టింది ఇనబడలేదా?"

"ఇనబడింది. టీవీ సౌండు పెంచాను."