వేటకెళ్ళిన చిట్టి

కళింగపట్నంలో, సముద్రం కనిపించే వాకిట్లో ఆమె ఎండుచేపలను ఒక్కొక్కటే తిరగేస్తోంది. భర్త గడప మీద కూర్చున్నాడు. గదిలో అతని తల్లి చాప మీద పడుకుని ఉంది.

“మన ఆడగుంట నిన్నట్నుంచి ముద్ద ముట్లేదు మావా. ఒడ్డు కాడే కూకున్నాది.”

“ఎత్తుకొచ్చీవల్సింది.”

“రెండుసార్లు తెచ్చినాను. మల్లీ పోనాది. దాని కంటికి తప్ప ఎవులికీ అగుపించని సిట్టిని వేటకి పంపినావు సూడు, తెలివైనోడివి!”

“ఏటి సెయ్యమంటావే? సిట్టి పిలుస్తందని మెడలోతు నీల్లలోకి దిగిపోనాది. ఐదేళ్ల గుంట! సిట్టి వేటకెళ్లింది, పడవ బోల్తా కొట్టింది, ఇంక రాదని సెప్పీసినాను. ఏడిసి మర్సిపోతాదనుకున్నాను.”

“శవం దొరికిందా అనడిగినాది నన్ను.”

“నువ్వేటన్నావు?”

“దొరకలేదన్నాను.”

“దొరికిందనాల్సింది కదే!”

“సూపించమంటే ఏటి సూపిస్తాను? నిరుడు వేటకెళ్లిన మరిది దొరకనప్పుడు అత్త ఎలాగ కూకుందో, అలాగే కూకున్నాది. మోకాల్ల మీద గెడ్డం ఆనించి.”

“సిట్టనే మనిషే లేదని సెప్పేద్దాం.”

“సెప్పినాను. నన్ను కరిసేసింది. మరిదికి శవం బదులు గడ్డిబొమ్మ సేసి కాల్సినాం కదా, సిట్టికీ అలాగే సేసేద్దామా?”

“కాల్సినాక అమ్మ నమ్మిందేటే?”

గదిలోంచి ముసలామె వచ్చింది. పైట తల మీదికి లాక్కుని, చెంబుతో మంచినీళ్లు ముంచుకుని, ఇద్దరి మధ్య నుంచి నడిచి, ఒడ్డు వైపు వెళ్లిపోయింది.