చూసింది చూసినట్టు చెప్పమన్నదెవరు

అయ్యా, నా అసలు పేరు మీ ముందున్న గుర్తింపు కార్డులో ఉంది. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్ళు ఈ కోర్టులో ఎవరూ లేరు. బంట్రోతు దగ్గర్నుంచి జడ్జిగారి దాకా అందరికీ నేను మంచినీళ్ళక్కనే. వయసు నలభై తొమ్మిది. నేరాల్లో దెబ్బతిన్నవాళ్ళకూ, నేరం కళ్ళారా చూసినవాళ్ళకూ కోర్టులో తోడుండడం నా ఉద్యోగం. మా ఆయన మాటల్లో చెప్పాలంటే ఒక కుర్చీ, ఒక గ్లాసు, అంతే. గుమాస్తాగారూ, ఈ ముక్క అక్కర్లేదంటే కొట్టేయండి, నాకేం పట్టింపు లేదు.

సాక్షికి నేను మాటలు నేర్పానని ముద్దాయి తరఫు లాయరు ఫిర్యాదు చేశారు. దాని మీద నన్ను పిలిపించారు. నేర్పలేదు. ఆ రోజు ఏం జరిగిందో వరసగా చెబుతాను. మధ్యలో పక్కకి పోతే మీరే ఆపండి, నాకు ఆ జబ్బుంది.

కేసు గడియారాలు బాగుచేసే పెద్దాయనది. కొట్టు ముందు బండి అడ్డంగా పెట్టారన్న గొడవలో పంక్చర్లు వేసే కుర్రాడు ఇనుప రాడ్డుతో కొట్టాడనీ, ఆయనకి కుడికన్ను పోయిందనీ అభియోగం. ఎదురుగా జిరాక్స్ షాపులో పనిచేసే అమ్మాయి ఒక్కతే చూసింది. ఇవన్నీ నాకు ఆ రోజు కోర్టు హాల్లో కూర్చుని వింటేనే తెలిశాయి. మాకు ముందుగా చెప్పరు, మేమూ అడగం. ఏం జరిగింది అని సాక్షిని అడగకపోవడమే మా పనిలో మొదటి పాఠం. అడిగితే వాళ్ళు చెబుతారు, చెబితే మన మొహం మారుతుంది, మన మొహం చూసి వాళ్ళ మాట మారుతుంది.

ఎవరి తరఫు అని మాత్రం అడగొచ్చు. అడిగి తీరాలి. ఆ రోజు ఒకరిని నేను అడగలేదు.

ఉదయం తొమ్మిదిన్నరకి జిరాక్స్ అమ్మాయిని వెనక గేటు నుంచి తీసుకొచ్చి మొదటి అంతస్తులో సాక్షుల గదిలో కూర్చోబెట్టాను. ఇరవై ఏళ్ళుంటాయేమో. కొత్త చెప్పులు వేసుకొచ్చింది, మడమ ఒరుసుకుపోయింది. ప్లాస్టర్ కోసం కిందికి దిగుతుంటే మెట్ల మలుపులో ఒక పెద్దావిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చేతులు వణికిపోతున్నాయి. సంచీ జారి, అందులోంచి టిఫిన్ డబ్బా దొర్లి రెండు మెట్లు కిందికి పోయింది. నేను తీసిచ్చాను.

"ఎవరమ్మా మీరు, ఇక్కడ కూర్చున్నారేం?" అన్నాను.

"మా చిన్నోడి కేసు ఈ రోజేనమ్మా. కింద అంతా తోసుకుంటున్నారు. ఊపిరాడక ఇలా వచ్చా" అంది.

చిన్నోడి కేసు అనగానే, పాపం కొడుక్కి ఏదో దెబ్బ తగిలింది కాబోలు అనుకున్నాను. అంత వణికే తల్లి దెబ్బలు తిన్నవాడి తల్లే అయ్యుంటుందని నా లెక్క. కొట్టినవాడి తల్లికీ చేతులు వణుకుతాయని నాకు తట్టలేదు. చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళి, ఆ అమ్మాయి పక్క కుర్చీలోనే కూర్చోబెట్టాను. ఇద్దరికీ మంచినీళ్ళు నేనే ఇచ్చాను. వాళ్ళంతట వాళ్ళు కలిసింది కాదు, కలిపింది నేను. ఈ మాట మాత్రం గట్టిగా రాయండి.

మా గది గోడ మీద 'కేసు విషయాలు ఇక్కడ మాట్లాడరాదు' అని బోర్డుంది. నేను అక్షరాలు దిద్దించి మరీ పెట్టించాను. ఇద్దరూ బుద్ధిగా దాన్ని పాటించారు. పాటించకపోయి ఉంటే ఒక్క నిమిషంలో ఒకరెవరో ఇంకొకరికి తెలిసిపోయేది.

పెద్దావిడ ఇస్త్రీ పని చేస్తుందట. వేళ్ళ మీద కాలిన మచ్చలున్నాయి. అమ్మాయి మడమకి ప్లాస్టర్ ఆవిడే వేసింది. "కొత్త చెప్పులేసుకుని కోర్టుకొచ్చే తెలివితక్కువది నువ్వేనే" అని నవ్వించింది. తర్వాత ఆ పిల్ల చొక్కా చేతి మీద ముడత కనిపిస్తే అరచేత్తో సాపు చేస్తూ కూర్చుంది. ఒకసారి సాపయ్యాక కూడా చేస్తూనే ఉంది. మా గదిలో ఇలాంటివి చూస్తుంటాను. చేతికి పని ఉంటే మనసు కాస్త ఆగుతుంది.

పది దాటాక అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. "అక్కా, బాత్రూమ్‌కని చెప్పి పారిపోవాలనిపిస్తోంది" అంది నాతో. నేను నీళ్ళిచ్చాను. అంతకుమించి నేను చేయగలిగేది ఏమీ ఉండదు. ధైర్యంగా చెప్పు అనకూడదు, అలా అంటే ఏదో చెప్పమన్నట్టవుతుంది. నా నోరు కట్టేసినట్టుంటుంది అలాంటప్పుడు.

ఆవిడకి అలాంటి కట్టేమీ లేదు కదా. పిల్ల గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"ఏమే తల్లీ, నువ్వేమైనా తప్పు చేశావా?"

"లేదు పెద్దమ్మా. చూశానంతే."

"మరింకేం? చూసింది చూసినట్టు చెప్పి రా. లేనిది కలపకు, ఉన్నది దాచకు. కడుపులో పెట్టుకుంటే నీకే అరగదు."

నేను దగ్గి బోర్డు వైపు చూపించాను. ఆవిడ బోర్డు వైపు చూసి, "కేసు గురించి కాదులేమ్మా, పిల్ల గురించి" అంది. అమ్మాయి ముక్కు తుడుచుకుని నవ్వింది. నాకు ఒప్పుకోవడానికి సిగ్గు లేదు, ఆ క్షణంలో నాకూ ప్రాణం తేలికపడింది.

పదకొండున్నరకి అమ్మాయికి పిలుపు వచ్చింది. నేను వెంట నడిచాను. పెద్దావిడ కూడా లేచి వస్తుంటే "మీరెక్కడికమ్మా?" అన్నాను. "మా వాడి కేసూ ఆ హాల్లోనేగా" అంది. ఎవరి తరఫో అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. కానీ అప్పటికే తలుపు తెరిచారు.

పిల్ల బోనెక్కి జడ్జిగారి వైపు తిరిగి నిలబడింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వెనక బెంచీలో కూర్చుంది. ఎదురుగా ముద్దాయి స్థానంలో తన కొడుకు. మొదట కొడుకుని చూసింది, తర్వాత ఆ పిల్లని, తర్వాత నన్ను. నా చెయ్యి వదిలేసింది.

అమ్మాయి చక్కగా చెప్పింది. రాడ్డు ఎక్కడి నుంచి తీశాడో, పెద్దాయన ఎటు పడ్డాడో, ఆయన కళ్ళద్దాల ముక్కలు ఎక్కడ పడ్డాయో అన్నీ చెప్పింది. తనకి కనిపించనివి కనిపించలేదనే చెప్పింది. ముద్దాయి తరఫు లాయరు లేచి, "ఇంత బాగా ఎవరు నేర్పారమ్మా?" అని అడిగారు. ఆ వెర్రిబాగులది దాచుకోకుండా, "ఎవరూ నేర్పలేదండీ. పైన గదిలో ఒక పెద్దావిడ చూసింది చూసినట్టు చెప్పమంది. అందుకే ధైర్యం వచ్చింది" అంది. వెనక్కి తిరిగి చూసుంటే ఆవిడ అక్కడే కనిపించేది.

లాయరుగారు దాన్ని పట్టుకున్నారు. ఆ గదిలో ఉండే పెద్దావిడ సహాయకురాలేననీ, సాక్షిని తయారు చేశారనీ, సాక్ష్యం కొట్టేయాలనీ అన్నారు. ఆ పిల్ల సాక్ష్యం పోతే కేసులో ఇంకేం మిగలదు. గడియారాల పెద్దాయన మొదటి వరసలో కూర్చుని, ఉన్న ఒక్క కన్నూ తుడుచుకుంటున్నారు.

బయట వరండాలో ముద్దాయి అన్న నా దగ్గరికి వచ్చాడు. ఆ పెద్దావిడ నేనేనన్న లాయరు మాట మీద అతనికి నమ్మకం లేదు కాబోలు. "ఆ పెద్దావిడెవరో నాకు దొరకాలి. అప్పుడు చెప్తా దాని సంగతి" అన్నాడు. అతని పక్కనే, మోచేతికి ఆనుకుని, తల్లి నిలబడి ఉంది. టిఫిన్ డబ్బా సంచీలో సర్దుకుంటోంది. నేను తల దించుకున్నాను.

మీ నోటీసు వచ్చిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. ఆవిడ పేరు చెప్పకపోతే పిల్ల సాక్ష్యం పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. చెబితే పెద్దకొడుకు గెంటేసి ఆవిడకి ఇల్లు పోతుంది. మా గదిలో కూర్చున్నవాళ్ళు ఎవరైనా సరే, మా గదిలో కూర్చున్నందుకు చెడిపోకూడదు. ఈ ఒక్క నమ్మకంతోనే ఇన్నేళ్ళూ పనిచేశాను. ఆవిడని అక్కడ కూర్చోబెట్టింది నేనే కదా అని రాత్రీ పగలూ అదే ఆలోచన. మా ఆయన, "తోచింది చెయ్యి, ముందు ఇంత తిను" అన్నాడు. చెప్పకూడదనే నిశ్చయించుకుని ఈ ఉదయం ఇంట్లోంచి బయలుదేరాను.

ఈ ఉదయం ఆవిడే మా గదికి వచ్చింది. నేను పిలిపించలేదు, ఏమీ అడగలేదు. ఆవిడ కూర్చోకుండానే మాట్లాడింది.

"నీ మీదకి వచ్చిందటగా."

"మీకెందుకమ్మా అవన్నీ. ఇంటికెళ్ళండి."

"నేనే అన్నానని చెప్పు. ఆ పిల్ల అబద్ధాలది అయిపోవడం నాకిష్టం లేదు. పసిది. మడమ తగ్గిందో లేదో కూడా తెలీదు."

"మీ పెద్దబ్బాయి ఊరుకుంటాడా?"

"ఊరుకోడు. నా కొడుకేగా, నాకు తెలీదా?"

కిటికీలోంచి కిందికి చూసి, మళ్ళీ అంది.

"ఇంకో ముక్క కూడా రాయించు. అది నా కొడుకు కేసని తెలిసుంటే ఆ మాట నా నోట్లోంచి వచ్చేదే కాదు. పిల్ల కాళ్ళు పట్టుకునేదాన్ని, ఏమీ చూళ్ళేదని చెప్పమ్మా అని బతిమాలేదాన్ని. అదీ రాయించు. లేకపోతే నన్నేదో మహాతల్లిని చేసేస్తారు."

రాయించానయ్యా. ఆ మాట అన్నది ముద్దాయి తల్లి. ఎవరి కేసో తెలియక అంది.

ఆవిడ ఇప్పుడు పైన మా గదిలోనే ఉంది. ఇద్దరం ఒకే విషయంలో సాక్షులమయ్యాం కాబట్టి ఆవిడ పక్కన నేను కూర్చోకూడదు. నేను ఇక్కడ మాట్లాడినంతసేపూ ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. పెద్దకొడుకు కింద గేటు దగ్గర స్కూటర్ మీద కూర్చుని తల్లి కోసం చూస్తున్నాడు. ఆవిడ ఎందుకొచ్చిందో అతనికింకా తెలియదు. ఈ కాగితం మీద నా సంతకం ఆరేలోపు ఆవిడ దగ్గరికి ఎవరినైనా తోడు పంపించండి.

గుమాస్తాగారు రాసినది నాకు చదివి వినిపించారు. ఎవరి బలవంతమూ లేదు. ఇందులో ఉన్నది జరిగిన మాట, నేను విన్న మాట.

(సంతకం)
సాక్షుల సహాయకురాలు