తాలింపుకి మోగిన లోయ గంటలు

"ఆ తలుపు కాస్త కిందికి దించు మధూ, ఈ గాలికి నా మాట నాకే వినపడట్లేదు," అన్నారు పట్టాభిరామయ్యగారు.

శనివారం సాయంత్రం, న్యూజిలాండ్‌లోని జాన్సన్‌విల్‌లో ఆయన గరాజ్‌లో చేరాం ఇక్కడి తెలుగువాళ్ళం అందరం. కారు బయటికి పోయింది, కుర్చీలు లోపలికొచ్చాయి. మూల గ్యాస్ పొయ్యి దగ్గర ఆయన భార్య పద్మగారు పులిహోర కలిపే పనిలో ఉన్నారు. మా వాళ్ళందరి ఇళ్ళల్లోనూ ఇంతే, వేపుళ్ళూ తాలింపులూ గరాజ్‌లోనే. వంటింట్లో మిరపకాయ వేగిందంటే పొగ అలారం ఊరుకోదు.

వచ్చే ఏడు మేమంతా ఇటలీ వెళ్ళాలి. టూర్‌కి లీడర్ ఎవరన్నది ఆ సాయంత్రమే తేల్చాలి. పోటీలో ఉన్నది ఇద్దరు, పట్టాభిరామయ్యగారూ, ఈశ్వరరావుగారూ. పోయినసారి దక్షిణాన చలికి పేరుపడ్డ ఇన్వర్‌కార్గిల్ ట్రిప్‌కి ఈశ్వరరావుగారు లీడర్. పట్టాభిరామయ్యగారిని బస్సులో వెనక సీట్లో, చలికోట్ల మూటల పక్కన కూర్చోబెట్టారు. ఆ మంట ఈయనకింకా చల్లారలేదు.

"తలుపు దించకండి, మిరపకాయలు వేయించాలి," అన్నారు పద్మగారు. మధుసూదన్ అప్పటికే సగం దించేశాడు.

"ఇటలీ గురించి నాకు చెప్తారా ఎవరన్నా?" అని మొదలెట్టారు పట్టాభిరామయ్యగారు. "పోయినేడు నేనూ మీ ఆంటీ వెళ్ళి ఉన్నది హోటల్ కాదమ్మా కిరణ్మయీ. ఆరొందల ఏళ్ళ నాటి రాతి బురుజు! చుట్టూ కొండలు, కింద లోయ, లోయలో ఏరు, ఏటి పక్కన ద్రాక్షతోటలు. ఇప్పుడు దాన్ని సెలవులకొచ్చే వాళ్ళకి అద్దెకిస్తున్నారు. ఇంటావిడ తాళంచెవి తెచ్చింది. తాళంచెవా అది, రోకలి! తిప్పుతోంది, తిప్పుతోంది, తిరగదే. నేనేం చేశానూ, జేబులోంచి కొబ్బరినూనె సీసా తీసి రెండు చుక్కలు వేశా. టక్కుమంది. అంతే, ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది."

"కొబ్బరినూనె జేబులో ఎందుకుంది అంకుల్?" అంది కిరణ్మయి.

"మగాడన్నాక అన్నీ ఉంటాయమ్మా, విను. లోపలికెళితే చలి. ఏం చలనుకున్నారు? మన ఇన్వర్‌కార్గిల్ చలి దాని కాళ్ళకి దణ్ణం పెట్టాలి. మాట అంటే ఆ మాట గడ్డకట్టి కింద పడేది. పొద్దున్నే లేచి చీపురుతో ఊడ్చేవాణ్ణి, మీ ఆంటీ రాత్రి నన్ను తిట్టిన తిట్లన్నీ తలుపు దగ్గర కుప్పపడి ఉండేవి."

"నేను తిట్టలేదు," అన్నారు పద్మగారు, పల్లీలు కలియబెడుతూ.

"కరిగితే తెలిసేది తిట్టావో లేదో! సరే, అలా గజగజలాడుతూ ఎన్నాళ్ళుంటాం? కిటికీలన్నీ బిడాయించా. బురుజు బురుజంతా సందు లేకుండా మూసేశా. మీ ఆంటీ మోకాళ్ళ నొప్పులని పైగదిలో పడుకుంది. నేనే పంచె ఎగ్గట్టి వంటింట్లో దిగాను. ముద్దపప్పు ఉడికించా. ఇక తాలింపు! ఆవాలు, జీలకర్ర, ఇంగువ, మన గుంటూరు ఎండుమిరపకాయలు గుప్పెడు. ఆ మూకుడు కూడా ఏ రాజుగారి కాలంనాటిదో. చుయ్యిమంది చూశారూ... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు మధుసూదన్.

"లోయ మేలుకుంది! ఆ ఘుమఘుమ పొగగొట్టంలోంచి లేచి, కొండ దిగి, ఏరు దాటి, చర్చిలో దూరిందయ్యా. చర్చిలో రాతి విగ్రహం ఉంది, ఎవరో మహానుభావుడిది. తుమ్మింది!"

"రాతి విగ్రహం తుమ్మిందా?" అన్నారు ఈశ్వరరావుగారు.

"ఒకసారి కాదు బాబూ, తుమ్ముతూనే ఉంది. కావాలంటే వెళ్ళి చూసుకోండి, ముక్కు చివర కాస్త ఊడి ఉంటుంది. దాంతో గంటలు మోగాయి. టంగు టంగుమని ఒక చర్చిలో, అది విని రెండో చర్చిలో, అది విని మూడో కొండమీద. మధూ, పూర్తిగా దించవయ్యా తలుపు, ఇక్కణ్ణించి అసలు కథ!"

మధుసూదన్ మీట నొక్కాడు. తలుపు గరగరమంటూ నేలకి ఆనింది.

"ఏవండీ, మిరపకాయలు వేస్తున్నా," అన్నారు పద్మగారు.

"వెయ్యి వెయ్యి. ఆ గంటలకి జనం బయల్దేరారు! ముసలీ ముతకా, ఆడా మగా, చేతుల్లో బకెట్లతో. బకెట్లెందుకు? పప్పు పట్టుకెళ్ళడానికి! నా ఒక్క గిన్నెడు పప్పూ ఏడు ఊళ్ళకి వడ్డించినా అడుగు కనపడలేదంటే నమ్మండి. కొండమీద మంచు ఆ ఘాటుకి కరిగి ఏరు పొంగింది. మేకలు దిగొచ్చి బురుజు చుట్టూ ప్రదక్షిణం చేశాయి. అంతలో ఎర్రటి పెద్ద బండి వచ్చింది, కుయ్యో కుయ్యోమని సంగీతంతో! అందులోంచి యూనిఫారాల్లో భటులు దిగారు, నెత్తిన మెరిసే కిరీటాలు. దిగీ దిగగానే పన్నీరు చల్లారయ్యా నామీద! చల్లడమంటే ఇలా వేళ్ళతో కాదు, ధారగా, నిలువునా తడిసిపోయాను. ఇల్లంతా పన్నీటితో కడిగేశారు. ఏ అల్లుడికి జరిగిందండీ అంత మర్యాద?"

ఎవరో దగ్గారు. నాకూ గొంతు గరగరమంటోంది.

"ఆ ఇంటావిడైతే ఒకటే ఏడుపు, ఆనందం పట్టలేక. నన్నింక ఏదీ ముట్టుకోనివ్వలేదు. మా పెట్టెలు తనే మోసింది! లోయ పొలిమేర దాకా తనే వచ్చి దిగబెట్టింది. అక్కడ రెండు చేతులూ జోడించి నన్నో మాట అడిగింది. ఇచ్చాను. ఇవాళ్టికీ నిలబెట్టుకున్నాను. ప్రాణం పోయినా పట్టాభిరామయ్య ఇచ్చిన మాట తప్పడు!"

"ఏ మాట అంకుల్?" కిరణ్మయి దగ్గుతూనే అడిగింది.

"అది మా ఇద్దరి మధ్యా ఉండాల్సిందమ్మా. ఇప్పుడు చెప్పండి, మన టూర్ వెళ్ళేదీ ఆ లోయకే, అది నాకు అత్తారిల్లు లాంటిది. లీడర్ నేను కాక ఇంకె..."

మాట పూర్తి కాలేదు. లోపలి హాల్లో అలారం గీ... మని అందుకుంది. అప్పుడు చూసుకున్నాం, గరాజ్ నిండా పొగ. ఒకరి మొహం ఒకరికి కనపడట్లేదు. కళ్ళమ్మట నీళ్ళు, ముక్కులమ్మట నీళ్ళు. మీట ఎక్కడుందో మధుసూదన్‌కి దొరికేసరికి అందరికీ పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు లేచీ లేవకముందే కింద నుంచి వంగి డ్రైవ్‌వే మీదికి పరిగెత్తాం. పక్కింటి కివీ పెద్దాయన పంచె లాంటి తువ్వాలు చుట్టుకుని, తోటకి నీళ్ళు పెట్టే పైపుతో సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఎదురింటి వాళ్ళు బకెట్ తెచ్చారు.

కిరణ్మయి చున్నీతో కళ్ళు తుడుచుకుని ఆ పైపు వంక చూసింది, బకెట్ వంక చూసింది.

"అంకుల్, ఆ ఎర్ర బండి మీద నిచ్చెన ఉందా?"

పట్టాభిరామయ్యగారు వినపడనట్టు కండువా దులుపుకున్నారు.

"ఉందమ్మా," అన్నారు పద్మగారు. "పైగదిలో ఉన్న నన్ను ఆ నిచ్చెన మీదుగానే దింపారు. నైటీలో! ఊరూరంతా చూస్తుండగా."

డ్రైవ్‌వే మీద నవ్వులు ఆగలేదు. పట్టాభిరామయ్యగారు మాత్రం తల దించలేదు. "జనం వచ్చారా లేదా? గంటలు మోగాయా లేదా? పన్నీరు కాకపోతే నీళ్ళు, అంతేగా తేడా! ఆ లోయలో నన్నెరగని వాడు లేడు. అలాంటి లీడర్ మీకు దొరుకుతాడా?"

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ఆయనకే ఓటెయ్యాలనిపించింది. మధుసూదన్ కూడా చెయ్యెత్తబోయాడు.

"పద్మగారూ, ఆ ఇంటావిడ చేతులు జోడించి ఏ మాట అడిగిందండీ?" అన్నారు ఈశ్వరరావుగారు మెల్లిగా.

"ఇంకేమడుగుతుంది? ఇంకెప్పుడూ ఈ లోయలో అడుగు పెట్టనని మాటివ్వమంది. ఇచ్చారు."

ఈశ్వరరావుగారు వచ్చి పట్టాభిరామయ్యగారి భుజం మీద ఎంతో గౌరవంగా చెయ్యేశారు.

"ప్రాణం పోయినా మాట తప్పే మనిషి కాదు మీరు. మాకోసం మీచేత తప్పిస్తే ఆ పాపం మాకొద్దండీ. లీడర్‌గా నేనే వెళ్తాను, మీరు ఇక్కడే ఉండండి."

పట్టాభిరామయ్యగారు గరాజ్ వైపు తిరిగారు. పక్కింటాయన ఇంకా పైపు పట్టుకునే నిలబడ్డాడు.

"రండి," అన్నారు పట్టాభిరామయ్యగారు, "పులిహోర చల్లారిపోతోంది."